చెక్‌లిస్టులో లేని పదకొండో గడి

అనంతపురం శివారులోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో, ఎలక్ట్రికల్ విభాగంలో నేను మూడేళ్లు కాంట్రాక్టు అధ్యాపకుడిగా పనిచేశాను. రెండో ఏడాది జూన్‌లో ఎం.టెక్. కోఆర్డినేటర్ బాధ్యత నాకు అప్పగించారు. పేరు పెద్దది, హోదా చిన్నది. విభాగాధిపతి, ఆయన కింద గైడ్లు, అందరికంటే కింద నేను. విద్యార్థి డిగ్రీకి కావలసినవన్నీ పూర్తిచేశాడని చెక్‌లిస్టులో పది గడులు నింపి సంతకం పెట్టడం నా పని. థియరీ క్రెడిట్లు, హాజరు, సమగ్ర మౌఖిక పరీక్ష, ప్రాజెక్టు మీద రెండు సమీక్షలు, అచ్చయిన ఒక పరిశోధన వ్యాసం, థీసిస్‌లో ఇతరుల రాతలు ఎంత కలిశాయో చెప్పే నివేదిక, గైడ్ సంతకం వగైరా. ఒక్క గడి ఖాళీగా ఉన్నా థీసిస్ పరీక్షల విభాగానికి వెళ్లదు.

ఒక శనివారం ఉదయం షఫీ థీసిస్ నా బల్ల మీదికి వచ్చింది. కదిరి అబ్బాయి. మధ్యలో చదువు ఆపి, రెండేళ్లు తండ్రి మోటార్ వైండింగ్ షాపులో కూర్చున్నాడు. రెండేళ్ల కోర్సును ఎంత ఆలస్యమైనా నాలుగేళ్లలో ముగించాలి. అతని నాలుగేళ్లు సోమవారం సాయంత్రం ఐదింటికి తీరిపోతాయి. ఆ తర్వాత అడ్మిషన్ రద్దు. పాసైన పేపర్లు కూడా చెల్లవు.

పది గడులూ నిండాయి. సంతకం పెట్టే ముందు అనుబంధంలోని పట్టికలు తిప్పాను. గార్లదిన్నె దగ్గర ఒక పొలం ట్రాన్స్‌ఫార్మర్ మీద తీసిన కొలతలు అవి. వ్యవసాయానికి మూడు ఫేజుల కరెంటు మధ్యాహ్నం దాకానే ఇస్తారు. ఆ తర్వాత ఇళ్లలో దీపాలకు రెండు ఫేజులే ఉంటాయి, బోరు మోటార్లు ఆగిపోవాలి. షఫీ పట్టికలో మాత్రం మూడు గంటలకు కూడా ఆ రెండు ఫేజుల మీద మోటార్లంత లోడు కనిపించింది. కొలవకుండా అంకెలు అల్లాడని అనుమానం వచ్చింది. అనుమానం ఉంటే నేను సంతకం పెట్టకూడదు. పెట్టకపోతే అతని చదువు అక్కడితో సరి.

షఫీని పిలిచి అడిగాను.

"అబద్ధం కాదు సార్. కారణం మాత్రం రాయలేను, రైతుకి మాట ఇచ్చినాను. కావాలంటే ఆడికే పోదాం, మీరే చూడండి."

మూడు ఫేజులు ఆగిపోయాక చూడాలని మధ్యాహ్నం బైకు మీద బయల్దేరాం. దారంతా నా కళ్లు గడియారం మీదే. మేం చేరేసరికి రెండున్నర దాటింది. చీనీ తోటలో బత్తాయి చెట్లకు బోరు నీళ్లు పోస్తూనే ఉంది. తోట యజమాని నారాయణప్ప నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా షఫీ, ఈయన కరెంటాఫీసాయన కాదు గదా?"

"కాలేజీ సారు, తాతా."

"కాలేజీ సారుకయితే ఎండ తగలదేమో గాని, చెట్లకి తగుల్తాదప్పా. మూడో ఫేజు కోసం ఎదురుచూస్తా కూసుంటే ఇవి బతుకుతాయా?" అంటూ స్టార్టర్ పెట్టె తలుపు తెరిచాడు. లోపల కండెన్సర్ ఉంది. దానితో మూడు ఫేజుల మోటారును రెండు ఫేజుల మీదే నడుపుతున్నాడు. చుట్టుపక్కల తోటలన్నిటిలోనూ ఇదే పద్ధతి. విద్యుత్ శాఖ దీన్ని ఒప్పుకోదు.

మీటరు పెట్టి కొలిచాం. పట్టికలోని అంకెలే వచ్చాయి.

"సదువుకి పనికొస్తే రాసుకోండి. నా పేరు, ఊరు మాత్రం వద్దు," అన్నాడు నారాయణప్ప.

అక్కడ చిక్కు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ నంబరు రాస్తే తోట ఎవరిదో తెలిసిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నంబరు లేని క్షేత్ర కొలతలు మా విభాగం నియమం ప్రకారం చెల్లవు. సోమవారం ఉదయం షఫీ కండెన్సర్ల గురించి ఒక పేజీ రాసి, ఊరు, నంబరు తీసేసి, గైడ్ చేత మళ్లీ సంతకం చేయించాడు. ఆ పేజీ కింద "స్థలం నేను స్వయంగా చూశాను" అని రాసి నేను సంతకం పెట్టాను. థీసిస్ పరీక్షల విభాగంలో చేరినప్పుడు నాలుగూ నలభై.

థీసిస్ మీద జరిగిన మౌఖిక పరీక్షలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఎక్కువ ప్రశ్నలు ఆ పేజీ మీదే అడిగాడు. షఫీకి డిగ్రీ వచ్చింది. నియమం తప్పినందుకు నాకు మెమో వచ్చింది. అది న్యాయమే.

పని పూర్తయిందా అన్నది చెక్‌లిస్టు చెబుతుంది. నిజమా అన్నది చెప్పదు. ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్లూ ప్రతి చెక్‌లిస్టు అడుగున పెన్సిల్‌తో పదకొండో గడి గీసుకున్నాను: "కొలిచిన చోటికి వెళ్లానా?" కొన్నిసార్లు అది ఖాళీగానే ఉండేది. ఆ రోజుల్లో పది గడులు నిండినా సంతకం పెట్టడానికి చెయ్యి ఆడేది కాదు.