కోస్గి తాలీంలో గొర్రెపట్టు

బలం లేని కుర్రవాడికి బలం తెప్పించడం ఇస్రాయేలుకు తెలుసు. ఉన్న బలాన్ని సరిగ్గా సమయానికి మట్టిపాలు చేసేవాడితో వేగడమే తెలియలేదు. బీరన్నతో అతనికి తల ప్రాణం తోకకు వచ్చింది.

ఇస్రాయేలు కోస్గిలో కుస్తీ నేర్పే తాలీం నడిపే వస్తాదు. నిజాం ఫౌజులో గుర్రాలకు గడ్డి వేస్తూ, సిపాయిల కుస్తీలు చూసి చూసి పట్లు నేర్చాడు. పోలీసు చర్యతో ఫౌజు పోయింది, పట్లు మిగిలాయి. పటేలు దయతలిచి ఇచ్చిన పాత కొట్టంలో ఎర్రమట్టి పోసి ఊరి కుర్రాళ్లను పోగేశాడు. పొద్దున్నే దండీలు, బస్కీలు, ఆపైన రాతిగుండు ఎత్తడం. జాతరలో నారాయణపేట పైల్వాను మీద ఒక్క కుస్తీ గెలవాలి, అదే అతని పంతం.

గొర్రెల మంద ఉన్న సత్తమ్మ కొడుకు బీరన్న అందరికన్నా గట్టివాడు. ఎంతటివాణ్నయినా కాలు దొరకబట్టి చిటికెలో తిరగేస్తాడు. రెండు భుజాలూ మట్టికి ఆనించి అదిమి పడితేనే గెలుపు. వీడేమో పడేసిన మరుక్షణం చేతులు తీసేస్తాడు!

"పట్టుకోరా అంటే ఇడుస్తవేందిరా?"

"ఏమో వస్తాదూ, చేతులు వాటంతటవే ఇడుస్తున్నయ్."

పట్టు చాలదనుకుని ఇస్రాయేలు తడిగోనెలు పిండించాడు, బావిలోంచి నీళ్లు చేదించాడు. చేతులు ఇనుపకడ్డీలయ్యాయి, తీరు మాత్రం మారలేదు. ఆ ఏటి జాతరలోనూ అంతే. నారాయణపేటవాణ్ని వెల్లకిలా పడేసి, వదిలేసి, నిలబడ్డాడు. వాడు లేచి వీణ్ని మట్టి కరిపించాడు. ఒళ్లు మండిపోయింది ఇస్రాయేలుకు.

"వచ్చేపారి గిట్లనే ఓడితే కొట్టంల నా ఎడ్లు కట్టేస్త," అన్నాడు పటేలు.

మర్నాడు ఇస్రాయేలు బీరన్నను నాలుగు తిట్టిపోదామని వాళ్లింటికి వెళ్లాడు. వాకిట్లో గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తున్నారు. బీరన్న గొర్రెను కాలుపట్టి పడేసి వెంటనే చేతులు తీశాడు. పక్కనే తాడుతో కాచుకున్న సత్తమ్మ దాని కాళ్లు కట్టేసింది. ఇంకో గొర్రె. మళ్లీ అంతే. పడేసింది కొడుకు, కట్టింది తల్లి.

"ఎప్పటిసంది గిట్ల?" అన్నాడు ఇస్రాయేలు.

"నడక నేర్చినప్పటిసంది. పడేసుడు వాని పని, కట్టుడు నా పని. చెయ్యి తియ్యకుంటే నేనెట్ల కట్టాలె?"

ఇస్రాయేలు నెత్తి కొట్టుకున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇన్నాళ్లూ తాను రాతిగుండ్లతో పోరాడింది ఈ ముసలమ్మ తాడుతోనా!

"సత్తమ్మా, ఇగ తాడు నాకియ్యి. నేను కడత."

"నీ కుస్తీల కోసం నా జీవాలను సంపుతవా ఏంది?" అని కసిరింది గానీ, పనివాడు ఊరికే దొరికాడని ఒప్పుకుంది.

ఆ రోజు నుంచి బొచ్చు కత్తిరించిన ప్రతిసారీ ఇస్రాయేలు హాజరు. బీరన్న గొర్రెను పడేస్తే ఇతను కావాలనే తీరిగ్గా లేచేవాడు, తువ్వాలు దులుపుకునేవాడు, దగ్గేవాడు. అందాకా బీరన్న గొర్రెను అదిమి పట్టుకోవాల్సిందే. చెయ్యి తీస్తే గొర్రె వాడలన్నీ తిరిగేది, దాని వెనక బీరన్న, వాడి వెనక ఇస్రాయేలు తిట్లు. వస్తాదు కాస్తా గొర్లకాపరి అయ్యాడని ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్లను చూసి పళ్లు నూరుకున్నాడు గానీ తాడు వదల్లేదు.

మళ్లీ జాతర వచ్చింది. బీరన్న నారాయణపేటవాణ్ని పడేశాడు. ఇస్రాయేలు వాడి చేతులకేసి చూశాడు. చేతులు కదల్లేదు. రెండు భుజాలూ మట్టికి ఆనాయి, తీర్పు చెప్పే పెద్దమనిషి చెయ్యెత్తి గెలిచాడన్నాడు, డప్పులు మోగాయి. బీరన్న మాత్రం వదలడు. కిందివాడు మూలుగుతున్నాడు.

"ఇడువురా, గెలిచినవ్!" అని గొంతు చించుకున్నాడు ఇస్రాయేలు.

బీరన్న చెమట కళ్లతో తలెత్తి చూశాడు. "ఇంక కట్టలే కద వస్తాదూ!"

జనం గొల్లుమన్నారు. ఇస్రాయేలు ఇన్నేళ్ల తిట్లూ మింగుకుని, కళ్లు తుడుచుకుంటూ మట్టిలోకి దిగాడు. భుజం మీది తువ్వాలు తీసి, ఓడినవాడి కాళ్లకు మెత్తగా ఒక చుట్టు చుట్టాడు.

అప్పుడు వదిలాడు బీరన్న.