దోనె ఎక్కిన బ్రదర్

మొన్న తాడేపల్లిగూడెంలో ఏలూరు వెళ్ళే రైలెక్కితే, కిటికీ పక్కనున్న కుర్రాడు నా తెల్లజుట్టు కేసి ఓసారి చూసి, "ఇటు కూర్చో బ్రో" అని కాస్త జరిగాడు. అంకుల్, తాతగారు లాంటి ప్రమోషన్లకి ఎప్పుడో సిద్ధపడినవాణ్ణి గానీ, ఇలా వెనక్కి దించుతారని ఊహించలేదు. సీటు దొరికింది కనుక అభ్యంతరం చెప్పలేదు. భీమడోలు వచ్చేలోగా అతను ఫోన్లో ఇంకా చాలామంది బ్రోలతో మాట్లాడాడు. మా ఇంట్లో ఆ మాటకి పూర్తి రూపం ఉండేది, బ్రదర్ అని. హక్కుదారులు ఇద్దరే.

ఒకరు మా నాన్నగారు, గూడెంలో ఇత్తడి సామాన్ల దుకాణం. రెండోవారు కొల్లేటి ఒడ్డున వరి పండించుకునే రైతు. ఇద్దరూ ఏలూరు కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నారట. మన వైపు సంగతి తెలిసిందే, మీరంటే మరీ దూరం, ఒరే అంటే పెద్దలు ఊరుకోరు. ఆ ఇబ్బందిలో బ్రదర్ దొరికింది. కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎటో పోయింది గానీ, ఆ ఒక్క ముక్క ఇద్దరికీ జన్మంతా మిగిలింది. కొల్లేటాయనకి చేపల పులుసు లేనిదే ముద్ద దిగదు. మా ఇంటికి రావాలంటే మాత్రం ముందురోజే మానేసి, ఉతికిన చొక్కా తొడుక్కొచ్చి, గుమ్మంలోనే ప్రకటించేవారు. "వదినగారూ, నిన్నట్నుంచీ శాకాహారినండి. నీరసంగా ఉంది, ముందు కాఫీ ఇప్పించండి."

నాన్నగారికి నీళ్ళంటే భయం. తాటిమొద్దులు తొలిచి చేసిన దోనెలో కొల్లేరు చూపిస్తానని కొల్లేటాయన ఏటా పిలిచేవారు. "రా బ్రదర్, కొల్లేరు నిన్నేం మింగదు. నీ బొజ్జ చూసి అదే జడుసుకుంటుంది." "ఈ జన్మకి రైలు చాల్లే బ్రదర్" అనేవారు నాన్నగారు.

నేను డిగ్రీ చదువుతుండగా, ఒక వానాకాలం కొల్లేటాయన హఠాత్తుగా పోయారు. కబురు అందగానే నాన్నగారూ నేనూ వెళ్ళాం. కొల్లేరు పొంగి, ఊరికీ శ్మశానం దిబ్బకీ మధ్య నీళ్ళు నిలిచాయి. పాడెని దోనె మీద దాటించాలి. ఆ ఊళ్ళో దోనె ఎక్కేది పాడె మోసే అన్నదమ్ముల వరసవాళ్ళే. మిగతా అందరికీ గట్టు మీదే చివరి చూపు.

ఊరి పెద్దాయన మర్యాదగానే అడ్డుపడ్డారు. "షావుకారుగారూ, మీరు గట్టు మీదే ఉండాలండి."

"నేనూ ఎక్కుతానండి."

"మీరేమవుతారండీ ఆయనకి?"

నాన్నగారు కాసేపు నీళ్ళ వైపు చూశారు. "బ్రదర్నండి."

"అదేవిటండీ! ఆయనకంతా అప్పచెల్లెళ్ళే గదా?"

నాన్నగారు మాత్రం కదల్లేదు. అప్పుడు గట్టు పక్కనే ఉన్న వాళ్ళింటి అరుగు మీంచి, పోయినాయన భార్య గొంతు వినిపించింది. "ఎక్కనీయండి బాబాయిగారూ. నేను కాపరానికొచ్చిన కాణ్ణుంచీ వింటున్న మాటేనండి. ఇవాళ కాదంటే మా ఆయన ఊరుకోరు."

నాన్నగారు చెప్పులు గట్టు మీద వదిలి, పంచె ఎగ్గట్టి, దోనెలో కాలు పెట్టారు. అది ఊగింది. ఒక చేత్తో పాడె వెదురు పట్టుకున్నారు. ఆయన పిలిచినన్నాళ్ళూ ఎక్కని మనిషి, పిలవడానికి ఆయన లేని రోజున ఎక్కారు. వానలో దోనె కనుమరుగయ్యేదాకా నేను ఆ చెప్పుల పక్కనే నిలబడ్డాను.

ఇంటికొచ్చాక నాన్నగారు దుకాణం తెరవలేదు. చాప మీద పడుకున్నారు. అమ్మ, "మనకి మైలేవిటండీ?" అంది. "మనకి కాదు, నాకు" అన్నారు. అమ్మ ఇంకేమీ అడక్కుండా చాప పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టి వెళ్ళింది.

ఏలూరులో దిగుతుంటే ఆ కుర్రాడు నా సంచి అందించి, "జాగ్రత్త బ్రో" అన్నాడు. అలాగే బ్రో అందామనుకున్నాను, నోరు రాలేదు. కాలానికి తొందరెక్కువ. మాటని సగానికి తుంచి అందరి చేతిలోనూ పెట్టేస్తుంది. మిగతా సగం ఎవరికి వాళ్ళే, గట్టు మీద చెప్పులు విడిచే రోజున పూర్తి చేసుకోవాలి కాబోలు.