చెక్క మీది బిళ్ళ

మా చిన్నాయన పోయిన ఆదివారం ఆళ్లగడ్డలో కన్నుమూశాడు. “వయసైపోయింది, ప్రభువు పిలుచుకున్నాడు” అని పాస్టరుగారు ప్రార్థన చేశారు. అన్నీ ప్రభువు మీదకు తోసి చేతులు కడుక్కోవడం నాకు రాదు. చిన్నాయన ప్రాణం తీసింది నాలుగు మిల్లీమీటర్లు.

ముప్పై ఏళ్లు నంద్యాలలో ఎక్స్‌రేలు తీశాడాయన. రోజూ ఆళ్లగడ్డలో బస్సెక్కేవాడు. సంచిలో అన్నం క్యారియరు, దాని పక్కన జానెడు వేపచెక్క. చెక్క నెత్తిన గాడి కోసి పాత రూపాయి బిళ్ళ బిగించాడు.

తుంటి విరిగితే, తొడ ఎముక మీది గుండును తీసేసి లోహపు గుండు పెడతారు. అది కూర్చునే గిన్నె మాత్రం మనిషిదే. కాబట్టి సైజు ముందే అంచనా కట్టాలి. ఎక్స్‌రేలో ఎముక అసలు కన్నా పెద్దగా పడుతుంది. పక్కన బిళ్ళ పెడితే, అదెంత పెరిగిందో చూసి ఎముక అసలు కొలత తీయొచ్చు. అయితే రెండూ ఒకే ఎత్తులో ఉండాలి; బిళ్ళ కిందుంటే అది తక్కువ పెరుగుతుంది, లెక్కలో ఎముక అసలు కన్నా పెద్దదవుతుంది. చెక్క అందుకే.

నా చిన్నప్పుడు కరెంటు పోతే కొవ్వొత్తి ముందు ఆ బిళ్ళ పట్టి చూపించేవాడు. “గోడకాడ పెడితే బిళ్ళంత నీడ. వత్తికాడికి జరిపితే తట్టంత. అందాజే గానీ, అడ్డదిడ్డం కాదురా!”

ఈ ఏడు ఆయనే స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నంద్యాలలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎక్స్‌రే తీసే మనిషి తన దగ్గరున్న బిళ్ళను నేరుగా బల్ల మీద పెట్టాడు. చిన్నాయన నొప్పిలోనే తల తిప్పి చూశాడు.

“అప్పా, బిళ్ళ కింద పెట్టినావే. ఎముక యాడుండాది, అది యాడుండాది?”

“కదలాకు పెద్దాయనా. రోజుకు యాభై తీస్తాండా, నాకు తెల్దా?”

డాక్టరు వస్తే ఆయనకూ చెప్పాడు. “రోగివి, రోగిలా ఉండు” అన్నాడాయన నవ్వుతూ. చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. “ఇంట్లో చెక్కుండాది, తెప్పీరా. మళ్లా ఎక్స్‌రే తీపిచ్చు.”

ఆళ్లగడ్డ ఎంత దూరం? పోయి రావడానికి పూటయినా పట్టదు. ఊళ్లో ప్రతి అధికారి మీదా కలం దూసే నేను, ఆ రోజు ఏమన్నాను? “ఊరుకో చిన్నాయనా, వాళ్లకు తెలుసులే.”

ఆపరేషన్‌లో తీసిన గుండు నలభై మూడు మిల్లీమీటర్లు. అంచనా చూసి తెప్పించినవి నలభై ఏడు, నలభై తొమ్మిది. ఉన్నదాంట్లో దగ్గరిది పెట్టామన్నారు. అన్ని సైజులూ పెట్టెలో ఎందుకు లేవు? పడుకున్న మనిషికి నోరుండకూడదని ఎవరు రాశారు? డాక్టరుకు పట్టా ఉంది, చిన్నాయనకు చెక్కముక్క ఉంది. మనం దేనికి దండం పెడతామో తెలిసిందేగా. నేనూ దానికే పెట్టాను.

ఆ కాలు మళ్లీ నేల మీద ఆనలేదు. మంచం పుండ్లు, తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము. “బాగా నొప్పా?” అంటే నవ్వేవాడు. “చొక్కా బిగుతైతే కుట్లు ఊడదీస్తారు. దీన్ని యాడ ఊడదీస్తావ్?” చెక్క మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

శవపేటిక తలవైపు స్టూలు మీద చిన్నమ్మ కొవ్వొత్తి వెలిగించింది. దాని ముందు ఆ చెక్క నిలబెట్టింది. వెనక సున్నపు గోడ మీద బిళ్ళ నీడ తట్టంత పడింది. మంట కదిలినప్పుడల్లా అది ఇంకా పెరుగుతోంది. చెక్కను గోడకాడికి జరుపుదామని చెయ్యి చాచాను.

“ఉండనీరా” అంది చిన్నమ్మ.