"దొరకలేదు" అని రాసే ఆర్విడ్

ఆర్విడ్ టోల్లెఫ్‌సన్‌కు ఏదీ దొరకదు. ఇది గిట్టనివాళ్ళ నింద కాదు, ఆయన తన చేత్తో రాసుకున్న చరిత్ర. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఉత్తర తీరంలో జియోకాషింగ్ పిచ్చి ఉన్నవాళ్ళు అడవుల్లో డబ్బాలు దాచి, వాటి అక్షాంశ రేఖాంశాలు సైటులో పెడతారు. తక్కినవాళ్ళు జీపీఎస్ పట్టుకుని పొదలన్నీ గాలించి, డబ్బాలోని కాగితం మీద సంతకం చేసి, దాన్ని ఉన్నచోటే పెట్టి, ఇంటికొచ్చి సైటులో "దొరికింది" అని రాస్తారు. దొరక్కపోతే "దొరకలేదు" అని రాయాలి. ఆ మాట రాయడానికి ఎవరికీ చెయ్యాడదు. ఆర్విడ్ మాత్రం వెయ్యిన్ని తొమ్మిది వందల సార్లు రాశాడు.

రాసి ఊరుకుంటాడా? వివరం కూడా ఇస్తాడు. "దొరకలేదు. గంటన్నర వెతికాను. తాబేలు ఒకటి దొరికింది గాని సంతకం పెట్టనివ్వలేదు." "దొరకలేదు. నా కళ్ళజోడు కూడా పోయింది. ఎవరికైనా దొరికితే చెప్పండి, డబ్బా సంగతి తర్వాత." ముప్ఫై ఏళ్ళు మంచు తోసే లారీ నడిపి, నాలుగడుగుల మంచు కింద రోడ్డెక్కడుందో గజం తేడా రాకుండా కనిపెట్టిన మనిషికి సబ్బుపెట్టె అంత డబ్బా కనబడదంటే ఎవరు నవ్వరు?

లోయిస్ బెర్గ్‌స్టెడ్ అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

లోయిస్ ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరైంది. అక్షాంశాలతో ఆడే ఆట తనకు పుట్టింటి సొత్తనుకుని చేరింది. కొత్తవాళ్ళ వెంట వెళ్ళి జీపీఎస్ కొనిపించే పని ఆటగాళ్ళ సంఘం ఆర్విడ్‌కు అప్పగించింది. ఆయనకు తీరికెక్కువ. ఆయన జీపీఎస్ చూస్తే మాత్రం ఎవరికీ నమ్మకం కలగదు. రంగు వెలిసిన పసుపుపచ్చ పెట్టె, దానికి రెండు రబ్బరు బ్యాండ్లు.

దుకాణంలో అమ్మాయి అన్నిటికంటే ఖరీదైనదాన్ని ముందు పెట్టింది. "ఇది టచ్ స్క్రీన్ సార్. లక్ష డబ్బాల వివరాలు పడతాయి. గాలి పీడనం చెబుతుంది. చంద్రోదయం ఎప్పుడో కూడా చెబుతుంది."

"చంద్రుడికి మిషనెందుకమ్మా? నాకు దొరికేది ఆయనొక్కడే," అన్నాడు ఆర్విడ్.

జేబులోంచి మందపాటి గ్లోవ్ తీసి తొడుక్కుని తెర మీద పొడిచాడు. ఉలుకూ పలుకూ లేదు. "చూశావా టీచరమ్మా, చలిలో గ్లోవ్‌తో పొడిస్తే ఇది పలకదు. ఇంతకీ నీళ్ళలో పడితే తేలుతుందా? బకెట్ ఉందామ్మా?"

"బకెట్టా సార్?"

"నిండుగా అక్కర్లేదు, సగం చాలు."

దుకాణంలో వాళ్ళంతా తిరిగి చూశారు. లోయిస్ సిగ్గుతో చితికిపోయి, పక్కనున్న గుడారాల ధరలు శ్రద్ధగా చదవసాగింది.

ఆర్విడ్ చివరికి నూట ఇరవై డాలర్ల దాన్ని ఎత్తి చూపాడు. "ఇది చాలు నీకు. బొత్తాలున్నాయి. బ్యాటరీలు ఏ పెట్రోలు బంకులోనైనా దొరుకుతాయి. కింద పడేస్తే ఏడుపు రాదు."

ఏదీ దొరకనివాడి మాట విని జీపీఎస్ కొనడం, ఈత రానివాడిని లోతడిగి ఏట్లో దిగడం ఒకటేననుకుంది లోయిస్. ఆరు వందల డాలర్ల దాన్ని కొంది. ఆర్విడ్ దాని పెట్టెను కారు దాకా మోసుకొచ్చి, "నెల లోపల తిరిగిచ్చేయొచ్చట, రసీదు పారేయకు," అన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

మూడు వారాల్లో లోయిస్ ఏడు డబ్బాల కోసం వెళ్ళింది. ఒక్కటీ దొరకలేదు. జీపీఎస్ ఒకసారి ఆమెను ఏట్లో బీవర్లనే జంతువులు కొమ్మలతో కట్టిన కట్ట మీదికి తీసుకెళ్ళింది. ఇంకోసారి ఎవరి గరాజు తలుపు ముందో నిలబెట్టి "గమ్యం చేరారు" అంది. గరాజాయన బయటికొచ్చి, "ఏం కావాలమ్మా?" అంటే, "గాలి ఎటునుంచి వీస్తోందో చూస్తున్నా," అని చెప్పి వచ్చేసింది. కొన్ని డబ్బాల అంకెలనైతే మిషన్ అసలు తీసుకోనే లేదు. ఆ ఏడింటిలో ఒక్కదానికీ ఆమె సైటులో "దొరకలేదు" అని రాయలేదు. భూగోళం టీచరు ఎలా రాస్తుంది?

ఇంతలో సంఘం వాళ్ళ నెలవారీ ఫలహారం వచ్చింది. పాన్‌కేకులు, సాసేజీలు, పద్నాలుగు వేల డబ్బాలు పట్టిన డెనిస్ గొప్పలు. అతను వరసగా అందరినీ "ఈ నెల ఎన్ని?" అని అడుగుతూ వస్తున్నాడు. లోయిస్ వంతు దగ్గరపడింది. మాట మళ్ళించాలి. ఎదురుగా ఆర్విడ్ కనబడ్డాడు.

"మా ఆర్విడ్‌ను సుపీరియర్ సరస్సు ఒడ్డున నిలబెడితే," అంది గొంతు పెంచి, "ఇంటికెళ్ళి 'సరస్సు దొరకలేదు' అని రాస్తాడు!"

బల్లలు చరుస్తూ నవ్వారు. ఆర్విడ్ కూడా నవ్వాడు, కాఫీ చొక్కా మీద ఒలికేలా.

"అది సరే, నీవెన్ని లోయిస్?" అన్నాడు డెనిస్, వదలకుండా.

"ఐదో... ఆరో."

"నాకంటే ఆరు ఎక్కువ," అన్నాడు ఆర్విడ్ చొక్కా తుడుచుకుంటూ, ఇంకెవరూ ఏమీ అడగకుండా.

ఇంటికొచ్చాక లోయిస్ తన ముఖం తాను అద్దంలో చూసుకోలేకపోయింది. పరీక్షల్లో చూచిరాత రాసిన పిల్లల్ని ముప్ఫై రెండేళ్ళు బెంచీ ఎక్కించిన మనిషి, ఫలహారాల బల్ల దగ్గర అరడజను డబ్బాలు అబద్ధమాడింది. అది చాలక ఓ ముసలాయన్ని అడ్డం పెట్టుకుంది. ప్రాయశ్చిత్తంగా సైటు తెరిచి, ఆఖరి డబ్బా కింద "దొరకలేదు. లోయిస్" అని రాసింది. ఆ డబ్బా దాచినవాళ్ళ మారుపేరు "నత్తనడక" అని ఉంది. ఆ ఒక్క మాట పేజీలో ఒంటరిగా, బోర్డు మీద తప్పు లెక్కలా కనబడింది. రేపే వెళ్ళి జీపీఎస్ తిరిగిచ్చేసి ఈ ఆటకు దణ్ణం పెట్టాలనుకుంది.

పొద్దున చూస్తే దాని కింద ఇంకో వరస: "దొరకలేదు. గంటసేపు వెతికాను. మోకాళ్ళు తడిశాయి. ఈ డబ్బాను ఎలుగుబంటి ఎత్తుకెళ్ళి ఉంటుంది. ఆర్విడ్."

లోయిస్‌కు ఎందుకో ప్రాణం లేచొచ్చింది. దుకాణానికి వెళ్ళే ముందు ఆఖరిసారి చూద్దామని బయల్దేరింది. అడవి బాట మొదట్లో ఆర్విడ్ ట్రక్కు ఆగి ఉంది. ఆయన బానెట్‌కు ఆనుకుని కాఫీ తాగుతున్నాడు.

"రా టీచరమ్మా. నాకు చత్వారం. నీ దాంట్లో అంకెలు కాస్త చదివి పెట్టు."

లోయిస్ చదివింది. "నలభై ఏడు డిగ్రీలు, పన్నెండు నిమిషాలు, యాభై మూడు సెకన్లు."

"సెకన్లా?" ఆర్విడ్ తన పసుపు పెట్టెను తట్టి చూశాడు. "నా దాంట్లో సెకన్లే లేవే. పన్నెండు నిమిషాలు, చుక్క, ఐదు మూడు సున్నా అని ఉంది. పాతది కదా, పాడైందేమో."

లోయిస్ తన తెర వైపు మరోసారి చూసింది. సైటులో చుక్క తర్వాత ఉన్నవి నిమిషంలో వెయ్యో వంతులు, తను వాటిని సెకన్లనుకుని మిషన్‌లో కొట్టింది! ఐదు వందల ముప్ఫై వెయ్యో వంతులంటే ముప్ఫై రెండు సెకన్లు, యాభై మూడు కాదు. అందుకే ప్రతిసారీ అరమైలు దాకా తప్పిపోయింది, అరవై దాటిన అంకెలను మిషన్ తీసుకోనే లేదు. ఏ పిల్లాడైనా ఈ తప్పు చేసి ఉంటే, ఆ లెక్క బోర్డు మీద పదిసార్లు చేయించేది.

"నీది పాడవలేదు ఆర్విడ్," అంది, నేల వైపు చూస్తూ.

"అవునా? మంచిది. కొత్తది కొనే బాధ తప్పింది."

అంకెలు సరిచేసి, గ్లోవ్ ఊడదీసి తెర నొక్కి, లోయిస్ ఒక్కతే వెళ్ళింది. పది నిమిషాల్లో దేవదారు వేరు కింద డబ్బా దొరికింది. ఆనందంతో చిన్న కేక కూడా వేసింది. మూత తీస్తే లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంది: "ఇది చెత్త కాదు, ఆట డబ్బా. పొరపాటున దొరికితే ఉన్నచోటే పెట్టండి. సందేహముంటే ఫోన్ చెయ్యండి. ఆర్విడ్ టోల్లెఫ్‌సన్."

డబ్బా చేత్తోనే పట్టుకుని ట్రక్కు దాకా పరిగెత్తింది.

"నత్తనడకవి నువ్వేనా? నువ్వు దాచిన డబ్బా నీకే దొరకలేదని రాశావా?"

ఆర్విడ్ దొరికిపోయిన దొంగలా టోపీ సర్దుకున్నాడు. "మోకాళ్ళు తడిసిన మాట నిజం."

"ఆ వెయ్యిన్ని తొమ్మిది వందలూ ఇంతేనా?"

"అన్నీ కాదులే. కొన్ని నిజంగానే దొరకలేదు."

"ఎందుకిదంతా?"

"ఆ మాట ఒక్కరే రాస్తే మనిషిది తప్పులా కనబడుతుంది టీచరమ్మా. ఇద్దరు రాస్తే డబ్బాది తప్పనుకుంటారు. కొత్తవాళ్ళు సిగ్గుపడి ఆట మానేస్తే, నేను దాచినవి ఎవరు వెతుకుతారు?"

లోయిస్ డబ్బా వైపు చూస్తూ, "సరస్సు గురించి నేనన్న మాట..." అంది.

"బాగుందది. నిన్న మా చెల్లెలికి కూడా చెప్పాను. నేనే అల్లానని చెప్పానులే."

"ఐదో ఆరో అన్నాను కదా. అది అబద్ధం. ఒక్కటీ దొరకలేదు."

"నాకు తెలుసు. బీవర్ల కట్ట మీద నీ బూటు జాడలు చూశాను. వెళ్ళు, డబ్బా ఉన్నచోటే పెట్టు. ఎలుగుబంటి చూసిందంటే నా మాట నిజమవుతుంది."

ఆ సాయంత్రం లోయిస్ సైటులో "దొరికింది. నా మొదటిది" అని రాసింది. ముందు పట్టినట్టు చెప్పిన "ఐదో ఆరో" ఉత్తవేనని కూడా కలిపింది. డెనిస్ చదువుతాడని తెలిసే రాసింది. సిగ్గేసింది, అయినా తుడిపెయ్యలేదు.

అరగంటలో దాని కింద కొత్త వరస పడింది.

"లోయిస్‌కు దొరికిందట కదా అని మళ్ళీ వెళ్ళాను. నాకింకా దొరకలేదు. ఎక్కడుందో ఆమెనే అడగండి. ఆర్విడ్."