అడగని పికో

మారేడ్‌పల్లిలో మా వీధి మలుపున చీరలకు ఫాల్ కుట్టి, అంచులకు పికో చేసే చిన్న దుకాణం ఉంది. దాన్ని నడిపే ఆమె నాకు ముప్ఫై ఏళ్ళ స్నేహితురాలు. ఆమె చేతికి ఏ గుడ్డ అందినా దాని అంచు మిషన్ కిందికి వెళ్ళి తీరాల్సిందే. చేతిరుమాలు అక్కడ మర్చిపోయి వస్తే మర్నాటికి పికోతో ఇల్లు చేరుతుంది. ఇదంతా తెలిసే నా తొమ్మిది తెరలూ ఆమెకే ఇచ్చాను. నా తెలివి అలాంటిది.

అవి కిటికీలకు కట్టే తెరలు కావు. బడిలో డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక ఆరు నెలలు కూర్చుని, ఒక్కో నేతగుడ్డ కింది కొసన అడ్డదారాలన్నీ లాగేశాను. మిగిలిన నిలువుదారాలు జానెడు పొడవున వేలాడుతుంటాయి, పక్కనుంచి మనిషి నడిస్తే చాలు, కదులుతాయి. ఆ కదలికే నా కళ మొత్తం. బెల్జియంలో ఒక చిన్న గ్యాలరీ వాళ్ళు ఫొటోలు చూసి రమ్మన్నారు. యాభై తొమ్మిదేళ్ళకు నా తొలి ప్రదర్శన. ఇది చెడితే ఇంకోటి రాదని భయం.

పై కొసన కర్ర దూర్చడానికి, లంగాకు బొందు కోసం కుట్టినట్టు నేఫా కుట్టమన్నాను. కింద ముట్టుకోవద్దని చెప్పానని నా వాదన. "నువ్వు చెప్పలే అక్కా" అని ఇప్పటికీ ఆమె వాదన.

రేపిస్తానంటూ వారం గడిపి, విమానం ఎక్కే రోజున మూటను అప్పటి బేగంపేట విమానాశ్రయానికే తెచ్చింది. ప్రతి తెరనూ కొత్త చీరలా మడిచి, గుండుసూది గుచ్చి, కవర్లో పెట్టింది. "ఫికర్ చెయ్యకు అక్కా. మొత్తం నీటుగా చేసిన" అంది. నేను మురిసిపోయాను.

గ్యాలరీలో మొదటి కవరు విప్పాను. దారాలు లేవు. వాటిని కత్తిరించేసి, అంచు పొడవునా చక్కగా పికో చేసి ఉంది. తొమ్మిది తెరలకూ. మర్నాడు సాయంత్రమే ప్రదర్శన. నేలమీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో నాతో పెరిగిన క్లాస్‌మేట్ అక్కడే నర్సు. నేను దిగింది ఆమె ఇంట్లోనే.

"ఏడుస్తావా, కత్తెర తెస్తావా?" అంది.

మర్నాడు పొద్దున్నే తమ ప్రార్థన కూటం నుంచి ఇంకో ముగ్గుర్ని తీసుకొచ్చింది. పికో అంచులు కోసేసి, జానెడు కాకపోయినా బెత్తెడైనా వేలాడాలని అందరం గుండుసూదులతో అడ్డదారాలు లాగడం మొదలుపెట్టాం. మధ్యలో వాళ్ళు కీర్తన అందుకున్నారు. రాగం కుదిరే దాకా చేతులు ఆపేయకుండా ఉంటే పని ఇంకా త్వరగా అయ్యేది. ఆ మాట పైకి అనే ధైర్యం నాకు లేదు, సాయం చేసేవాళ్ళు వాళ్ళు కదా.

తలుపులు తెరిచే వేళకు ఎనిమిది తెరలు పూర్తయ్యాయి. తొమ్మిదోది పికోతోనే మూలన వేలాడదీశాం. జనం నడుస్తుంటే ఎనిమిదీ కదిలాయి. అది మాత్రం బడిలో క్లాస్ లీడర్‌లా బిగుసుకుని నిలబడింది.

తిరిగొచ్చాక మలుపు దుకాణంలో ఆమెకు ఆ తొమ్మిదోదాని ఫొటోలే చూపిద్దామనుకున్నాను. మొత్తం కట్ట లాక్కుంది.

"తక్కినవాటికి నా పికో ఏదక్కా?"

కత్తిరించామని చెప్పాను. ఆమె ఫొటోలు సర్ది బల్లమీద పెట్టింది.

"మంచిగ లేకుండెనా? గా రంగు దారం కోసం జనరల్ బజార్ మొత్తం తిరిగిన."

అప్పటిదాకా విమానంలో, ఇంట్లో, ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను. నా దారాల గురించి ఆరు నెలలు ఆలోచించానే గానీ, ఆమె దారం గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు. సిగ్గేసింది. ఆ సంగతైనా చెప్పకుండా ఏదో గొణిగి వచ్చేశాను.

మరుసటి ఏడు ఇంకో ఊరి నుంచి పిలుపొచ్చింది. కొత్త తెరలు ఎవరికివ్వాలని మా ఇంట్లో చర్చే జరిగింది. నేను మలుపు దుకాణానికే వెళ్ళాను. నేఫా ఒక్కటే చాలన్నాను. ఆమె తలూపింది.

ఈసారి చెప్పిన రోజుకే పని అయింది. అదే మొదటి వింత. తెరలు మడత పెట్టకుండా అలాగే నా చేతుల్లో పోసింది. కింద దారాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"జెర నువ్వే మడత పెట్టుకో అక్కా," అంటూ వీధి వైపు తిరిగి నిలబడింది. "చూస్తే నా చెయ్యి ఆగదు."