నీళ్లు మోకాలి దాకే

రెండేళ్లు దాటింది, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయగా మోయగా అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. చపాతీ పిండి కలుపుతుంటే గుర్తొస్తుంది. పేషెంటుకు బీపీ చూస్తుంటే గుర్తొస్తుంది. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే దేవుడికంటే ముందు అదే వచ్చి కూర్చుంటుంది. మా ఆయనకు సంగతి తెలుసు. పాస్టరు గారికి తెలియదు. తెలియాల్సిన మనిషికి అసలే తెలియదు. మీరెవరో నేనెరగను కాబట్టి మీకు చెబుతున్నాను. పేర్లు మార్చాను, మిగతాదేదీ మార్చలేదు.

నేను షార్జాలో నర్సుని. మాది గోదావరి జిల్లాలో సముద్రానికి దగ్గరి ఊరు. సువార్తదీ అటువైపే. ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి, ఒకే వార్డు. నాకంటే ఆరేళ్లు చిన్నది, అక్కా అని పిలుస్తుంది. భర్తతో తెగతెంపులయ్యాక కూతురు బ్లెస్సీని తీసుకుని ఇక్కడికి వచ్చేసింది. రెండు గదుల ఫ్లాటు ఒకటి కలిసి తీసుకున్నాం. ఒక గది మాది, ఒక గది వాళ్లది, వంటిల్లు అందరిదీ. మా ఆయనకు అల్ ఐన్‌లో ఖర్జూరపు తోటల్లో మోటార్లు, పైపులు చూసే పని. వారానికో రోజు ఇంటికొస్తాడు. అది ఎప్పుడూ నా డ్యూటీ రోజే అయ్యేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. టైమైపోయింది కదా అని బ్యాగు తగిలించుకుని వచ్చేయడానికి లేదు. తర్వాతి నర్సు రావాలి. మంచం మంచం దగ్గరా నిలబడి ఎవరికి ఏమిచ్చామో, ఎవరికి ఏమివ్వాలో అప్పజెప్పాలి. దాన్ని హ్యాండోవర్ అంటాం. తీసుకునే మనిషి వచ్చేదాకా ఇచ్చే మనిషి వార్డు వదలకూడదు. సువార్త, నేను కావాలనే ఎదురెదురు షిఫ్టులు వేయించుకున్నాం. నేను పగలు, తను రాత్రి. పిల్లల్ని పరాయివాళ్ల దగ్గర పెట్టే పని ఉండదని. మధ్యలో ఆ గంటసేపు మా ఇద్దరు పిల్లల్లో పెద్దది, మా అమ్మాయి, చూసుకునేది. ఏడేళ్ల బ్లెస్సీకి ఈ లెక్క బాగా తెలుసు. “ఆంటీ వెళ్తే అమ్మొస్తది, అమ్మెళ్తే ఆంటీ వస్తది” అని ఇల్లంతా పాడుకుంటూ తిరిగేది.

ఇక ఆ వాన. ఇక్కడ వాన పడితే పిల్లలు బాల్కనీలోకి పరిగెత్తి చేతులు చాపుతారు, ఆలోపే అయిపోతుంది. ఆ రోజు అయిపోలేదు. ముందురోజు రాత్రి మొదలై తెల్లారేసరికి మా వీధి కాలవైపోయింది. కార్లు సగం మునిగాయి. మా ఆయన ముందురోజు సాయంత్రమే వచ్చాడు, రోడ్లు మూసేశారు కాబట్టి ఇక కదలలేడు. ఆరింటికి లేచి యూనిఫాం వేసుకున్నాను. కిందికి దిగి చూశాను కూడా. నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. గోదావరి వరదల్లో పెరిగినదాన్ని, మోకాలి లోతు నాకు ఒక లోతా?

పైకొచ్చాను. కరెంటు పోయింది. పిల్లలు ముగ్గురూ హాల్లో పరుపులు లాగేసి ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుకుంటున్నారు. మా ఆయన స్టవ్వు వెలిగించి టీ పెడుతున్నాడు. కిటికీ బయట వాన హోరు. “ఇవాళ వెళ్లకపోతే ఏం?” అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

ఆ మాటతో నాలో ఏదో తెగింది. కరోనాలో లోకమంతా ఇళ్లల్లో కూర్చుంది. పిల్లలతో కేకులు చేసుకున్నారు, ఫోటోలు పెట్టుకున్నారు. నేను ఒక్కరోజు కూర్చోలేదు. నా పిల్లల్ని తలుపు సందులోంచి చూసుకున్నాను. మాకు చప్పట్లు కొట్టిన జనం ఆర్నెల్లకల్లా మమ్మల్ని మరిచిపోయారు. అందరూ కలిసి నన్ను మోసం చేశారన్న కోపం లోపల ఎక్కడో ఉండిపోయింది. సరే, అదంతా నిజమే. కానీ ఆ కోపం తీర్చుకోవడానికి నాకు దొరికింది ఎవరు? సువార్త. నాతోపాటు ఆ వార్డులోనే నిలబడ్డ మనిషి. కోపం న్యాయమైనదే అయినా, అది తగిలిన చోటు న్యాయమైనదా?

ఫోన్ చేశాను. ఆ నాలుగు మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

“ఏమేవ్, నీళ్లు నడుం దాకా ఉన్నాయే. ఎలా రానూ?”

“అయ్యో, దిగకక్కా. కరెంటు తీగలుంటాయేమో. నేను చూసుకుంటాలే. మా బ్లెస్సీ లేచిందా?”

“లేచింది. నువ్వేం బెంగెట్టుకోకు.”

“నువ్వున్నావుగా, నాకేం బెంగక్కా.”

అంతే. యూనిఫాం విప్పి నైటీ వేసుకున్నాను.

పదింటికి ఆసుపత్రి వాళ్లు ఎత్తు చక్రాల పికప్ ఒకటి పంపారు, నర్సుల్ని ఎక్కించుకు రమ్మని. డ్రైవరు రోజూ మా స్టాఫ్ బస్సు నడిపే పఠాన్ భాయే. మా బిల్డింగు ముందే ఆపాడు. నా ఫోన్ మోగింది. తీయలేదు. మళ్లీ మోగింది. సైలెంట్‌లో పెట్టి బియ్యం డబ్బా మీద బోర్లించాను. సూపర్‌వైజర్‌కి మాత్రం మెసేజ్ పెట్టాను, మెట్ల మీదికి నీళ్లొచ్చేశాయి, దిగే దారి లేదని. అబద్ధానికి మెట్లు కట్టడం అంత సులువని నాకప్పటిదాకా తెలియదు.

కిటికీ దగ్గర బ్లెస్సీ ఉంది. “ఆంటీ, అమ్మ బండి వచ్చింది” అంది.

“అమ్మ అందులో లేదమ్మా” అన్నాను.

“మీరెళ్తే అమ్మొస్తది కదా?”

ఆ పిల్ల నిలదీయలేదు. తనకు తెలిసిన లెక్క చెప్పింది, అంతే. నేనేం చేశానో చెప్పనా? అప్పుడే తీసిన ఉల్లిపాయ పకోడీ ఊది ఊది ఆ పిల్ల చేతిలో పెట్టాను. తింది. తింటూ మళ్లీ కిటికీలోంచి చూసింది. బండి వెళ్లిపోయేదాకా చూసింది. దాని వెనక సీట్లో ఇద్దరు నర్సులున్నారు, వేరే వార్డుల వాళ్లు.

ఇక్కడ మీరు, పాపం ఆ తర్వాత రోజంతా కుమిలిపోయి ఉంటుందిలే అనుకోవచ్చు. లేదు. ఇదే చెప్పడానికి అన్నిటికంటే కష్టంగా ఉంది. ఆ రోజు నేను హాయిగా ఉన్నాను. ఫ్రీజర్‌లో వంజరం పాడైపోతుందని మామిడికాయ వేసి పులుసు పెట్టాను. మా ఆయన నేల మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గళ్లు గీశాడు. చింతపిక్కలు అరగదీశాడు. మావాడు దొంగాట ఆడితే అందరం కలిసి వాడి మీద పడ్డాం. మధ్యాహ్నం ఐదుగురం ఒకే దుప్పటి కింద పడుకుని వాన చప్పుడు విన్నాం. బ్లెస్సీ నా పొట్టకు ఆనుకుని నిద్రపోయింది. పెళ్లయిన పదహారేళ్లలో అంత సుఖమైన రోజు నాకు లేదు. ఇప్పటికీ లేదు. దాన్ని తలుచుకుని ఏడవాలని కూర్చుంటే ముందు నవ్వొస్తుంది, తర్వాత నా మీద నాకే రోత పుడుతుంది.

అదే సాయంత్రం సువార్త పొరపాటు చేసింది. ముందురోజు సాయంత్రం నుంచి నిలబడే ఉంది. ఆ రాత్రి డ్యూటీ కూడా తనదే. నేను పదింటికి వెళ్లి ఉంటే మధ్యలో తొమ్మిది గంటలు నిద్రపోయి ఉండేది. పక్క మంచం ఆయనకు ఇవ్వాల్సిన ఇన్సులిన్ ఒక ముసలాయనకు ఇచ్చింది. షుగర్ పడిపోయి ఆయనకు స్పృహ తప్పింది. బతికాడు, దేవుడి దయ. ఎవరూ చూడలేదు. కావాలంటే దాచుకోవచ్చు. సువార్త తనే గుర్తించి, తనే డాక్టరుని పిలిచి, నావల్లే జరిగిందని తనే రాసిచ్చింది. పది నిమిషాలు కూడా పట్టలేదట. నాకు రెండేళ్లు పట్టింది, అదీ ముక్కూమొహం తెలియని మీ దగ్గర.

ఆ వారం మా తెలుగు చర్చి సహవాసంలో సాక్ష్యాలు చెప్పమన్నారు. వానలో దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెబుతున్నారు. అందరి కళ్లూ నావైపు తిరిగాయి. లేవకుండా ఉండాల్సింది. లేచాను. “నడుంలోతు నీళ్లలో అడుగుపెట్టనివ్వకుండా దేవుడు నన్ను ఆపి, నా కుటుంబాన్ని కాపాడాడు” అన్నాను. నా అబద్ధాన్ని తీసుకెళ్లి ఆయన నెత్తిన పెట్టాను. రెండో వరసలో కూర్చున్న సువార్త, కళ్లు వాచిపోయి ఉన్న సువార్త, అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

తర్వాత ఆసుపత్రిలో విచారణ. నన్నూ పిలిచారు. ఆ రోజు రాగలిగే వీలుందా అని అడిగారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని మెట్ల సంగతి కూడా నేనే చెప్పాను. లేదు అని రాసి సంతకం పెట్టాను. డ్రైవరుని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని నెలరోజులు ఆయన బస్సు ఎక్కినప్పుడల్లా తల దించుకునే ఎక్కాను. ఆయన మాత్రం ఎప్పటిలా సలాం సిస్టర్ అనేవాడు.

సువార్త కాంట్రాక్టు పొడిగించలేదు. వీసా ఖలాస్. బ్లెస్సీ స్కూలు మధ్యలో మాన్పించి ఊరెళ్లిపోయింది. అక్కడ చిన్న నర్సింగ్ హోమ్‌లో చేస్తోంది. ఎయిర్‌పోర్టులో నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తేలు కుట్టిన దొంగ ఏడుపు నాది, పైకి కారణం చెప్పలేని ఏడుపు. “ఆ రోజు నేను వచ్చుంటే…” అన్నాను. అదీ ధైర్యం చేసి కాదు, నోరు జారి. తను నా కళ్లు తుడిచింది. “రాగలిగితే రాకుండా ఉంటావా అక్కా” అంది.

ఇంటికొచ్చి మా ఆయన ముందు కూలబడ్డాను. మనిద్దరం కలిసి చేసిన పని కదా అన్నాను. “నేను ఊరికే అన్నానే, నిర్ణయం నీదేగా” అన్నాడు. నిజమే. అయినా ఆ క్షణాన నన్ను నీళ్లలో వదిలేసి తను గట్టెక్కినట్టే అనిపించింది. సువార్తకు తెలిస్తే ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలిసింది. కొంచెమే.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన వారం వీడియో కాల్ చేశాను. సువార్త ఇప్పటికీ నన్ను అలాగే పలకరిస్తుంది. కుక్కర్ కూత వేస్తోందని ఫోను బ్లెస్సీ చేతికిచ్చి లోపలికెళ్లింది. పిల్ల పొడుగైంది. వంటింటి వైపు ఒకసారి చూసి, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని మెల్లగా చెప్పింది.

“ఆంటీ, ఆ రోజు బండొచ్చిందని నేను అమ్మకి చెప్పలేదు.”

సువార్త తిరిగొచ్చి, “ఏంటే ఆంటీతో గుసగుసలు?” అంది. “ఏం లేదమ్మా” అంది బ్లెస్సీ.

ఆ పిల్ల కూడా మోస్తోంది. రెండేళ్లుగా, నాకోసం, వాళ్లమ్మ దగ్గర దాచి. నేను పకోడీ ఒక్కటే ఇచ్చాననుకున్నాను. నా అబద్ధాన్ని కూడా ఆ చేతుల్లోనే పెట్టాను. నన్ను కాపాడుతున్నాననుకుంటోందో, వాళ్లమ్మ మనసు విరగకుండా చూసుకుంటోందో నాకు తెలియదు. తల్లిని ఒకసారి మోసం చేశాను. కూతురి చేత రోజూ చేయిస్తున్నాను.

సువార్తకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వను. నా మాట ఎంతటిదో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు రాసి ఉండాలి, అంతే. విచారణలో సంతకం పెట్టిన కాగితం మీద రాయనిది ఇక్కడ రాస్తున్నాను.

నీళ్లు మోకాలి దాకే ఉన్నాయి. బండి వచ్చింది. నేను రాగలిగేదాన్నే.