లూపులో పూడ్చిన సందు

ఏడేళ్ళుగా ఒక చచ్చిన బల్లిని మోస్తున్నాను. నవ్వండి, ఫరవాలేదు. నవ్వొచ్చే చోట్లు చాలానే ఉన్నాయి, రాస్తుంటే నాకే రెండుసార్లు నవ్వొచ్చింది. కానీ ఆ బల్లి వల్ల ఒక మనిషికి తన చేతుల మీద, కళ్ళ మీద ఉన్న నమ్మకం పోయింది. పోగొట్టింది నేను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదట మీకే చెబుతున్నాను.

మా బావ, అంటే మా అక్క భర్త, రైల్వేలో సిగ్నళ్ళ తీగలు చూసి రిటైరయ్యాడు. ఆమదాలవలసలో సొంతిల్లు. మేడ మీద గదిలో పెద్ద బల్ల వేసి, దాని మీద బొమ్మ రైలుకి ఒక ఊరు కట్టడం మొదలుపెట్టాడు. బొమ్మ అంటే ఆయనకి కోపం, మోడల్ అనాలి. స్టేషను, గూడ్సు షెడ్డు, నాగావళి వంతెన, కొబ్బరిపీచుకి రంగేసి నాటిన వరిచేలు. నేను రాజాంలో దుకాణాలకి బోర్డులు రాసుకుంటాను. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయేవాణ్ణి. తీగలు ఆయన పని, రంగులు నా పని. మధ్యలో అక్క పెట్టే అన్నం. అంత సంతోషమైన ఆదివారాలు నాకు చిన్నప్పుడు కూడా లేవు.

చేపలు తెచ్చే ఆవిడ ఒకరోజు గంప కింద పెట్టి మేడెక్కింది. అంతా తేరిపార చూసి, "మరి నన్నెక్కడెట్టినారు బాబూ? నానూ ఆ టేసన్లోనే కదా దిగుతాను" అని నిలదీసింది. మరుసటి వారానికల్లా ప్లాట్‌ఫారం మీద గంపతో ఒక మట్టిబొమ్మ వెలిసింది. ముక్కుపుడక నేనే పెట్టాను, సూదిమొనతో.

ఇక అసలు సంగతి. ఇప్పటికి మూడు పేరాలు తప్పించుకున్నాను, గమనించే ఉంటారు.

బల్ల చివర బావ ఒక లూపు వేశాడు. రైలు దాంట్లోకి వెళ్ళి, గుండ్రంగా తిరిగి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. రైలుకి కరెంటు పట్టాల్లోంచే వస్తుంది. ఒక పట్టా ప్లస్సు, ఒకటి మైనస్సు. లూపు తిరిగొచ్చేసరికి ప్లస్సు పట్టా వెళ్ళి మైనస్సుకి తగులుకుంటుంది. అందుకని లూపు మొదట్లోనూ చివర్లోనూ పట్టాల్ని కోసి, గోరంత సందు వదలాలి. రైలు లోపల ఉండగా ఒక స్విచ్చి తిప్పితే, క్షేమంగా బయటికొస్తుంది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు తెలియదు.

నేను బోర్డులు రాసేవాణ్ణి. చెక్క మీద బీట కనబడితే లప్పం పెట్టకుండా చెయ్యి ఊరుకోదు. బావ కిందికి వెళ్ళినప్పుడు ఆ సందుల్లో ఒకటి చూశాను. పాపం, పెద్దాయనకి కొలత తప్పిందనుకున్నాను. ఆయనే నేర్పిన సోల్డరింగు కదా, సీసం కరిగించి సందు పూడ్చాను, నున్నగా ఆకురాయి పట్టాను, పట్టా పక్కలకి తుప్పు రంగు రెండు కోట్లు వేశాను. ఎంత బాగా కుదిరిందంటే, నా పనికి నేనే మురిసిపోయాను. ఆయనకి చెప్పకపోవడం మర్యాద అనుకున్నాను. తప్పు ఎత్తిచూపినట్టు ఉంటుందని!

ఆ తర్వాత రైలు లూపులోకి వెళ్ళేది, బయటికి వచ్చేది కాదు. స్విచ్చి తిప్పగానే అంతా చచ్చిపోయేది. బావ బల్ల కింద దూరి తీగలన్నీ విప్పాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ విప్పాడు. మూడు వారాలు. తీగల్ని అనుమానించాడు, స్విచ్చిని అనుమానించాడు. స్వయంగా కోసిన సందుని మాత్రం అనుమానించలేదు. మూడో ఆదివారం, "ఇక్కడ సందులున్నాయి కదా, మరెక్కడ కలుస్తన్నాదిది?" అని తనలో తను అనుకుంటూ నా తుప్పు రంగు మీద వేలు పెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆ సందు ఆయన కావాలనే వదిలింది.

అదే క్షణంలో నా వైపు తిరిగి అడిగాడు. "ఒరే, పట్టాల మీద నువ్వేటైనా సేసినావేటి?"

"లేదు బావా. రంగేశానంతే."

"మరైతే నాకే సేత కావట్లేదురా" అన్నాడు.

ఎందుకలా అన్నాను? తిడతాడనా? బావ జీవితంలో నన్ను తిట్టలేదు. మొదటి వారమే తెలిసుంటే చెప్పేవాణ్ణా? ఏమో. మూడు వారాలు ఆయన వంగి వంగి నడుం పట్టేసుకున్నాక, ఆ నొప్పంతా నా తెలివితక్కువతనం వల్లే అని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. బోర్డులు రాసేవాడికి వేలెడంత గర్వం, అదీ పని మీద. అది అడ్డొచ్చింది.

ఆయన భోజనానికి దిగగానే రంపం బ్లేడుతో సందు మళ్ళీ కోశాను. రైలు బయటికొచ్చింది. ఇప్పుడు దానికి కారణం కావాలి కదా. బీరువా వెనక ఒక ఎండిన బల్లి కనిపించింది. దాన్ని తీసి బల్ల కింద రెండు తీగల మీద అడ్డంగా పెట్టి, తీగల్ని కలిపేసింది ఇదేనంటూ బావని కేకేశాను.

అక్క ఒకప్పుడు కంచి వెళ్ళి బంగారు బల్లిని ముట్టుకుని వచ్చింది. ఆవిణ్ణి ముట్టుకుంటే బల్లి దోషం పోతుందని వీధివీధంతా వస్తుంటారు. దోషం పోవాలని బావ ఆమె చేత రైలుకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరుని ముట్టించాడు. ఈనాటికీ అంతే. ఎవరు రైలు చూడ్డానికి వచ్చినా ముందు అక్క వచ్చి, చేతికి పిండి ఉన్నా సరే, ట్రాన్స్‌ఫార్మరు మీద ఒక వేలు వేసి వెళ్ళాలి. అందరం నవ్వుతాం. నేనూ నవ్వుతాను.

కానీ ఆ రోజు బావ ఆ బల్లిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "వేలంతున్నాది. మూడు వారాలు దీని పక్కనే తలెట్టుకుని పడుకున్నాను, కనబళ్నేదు. నా కళ్ళు పోనాయిరా" అన్నాడు. ఆ తర్వాత ఆయన తీగ ముట్టలేదు. వైరింగు నాకు అప్పగించాడు. వచ్చిన వాళ్ళకల్లా నన్ను చూపించి, సెయ్యంటే వీడిది అని చెబుతాడు. నేను తల దించుకుంటే, వినయం అనుకుంటారు.

పోయిన ఆదివారం వెళ్ళేసరికి బల్లకి ఇంకో పలక జోడించి ఉంది. రాజాం స్టేషనట. మా రాజాంకి రైలు లేదు. "ఎవులూ ఎయ్యకపోతే నానేస్తాను, నీకు బస్సు బాధ తప్పుతాది" అన్నాడు. ఎంత సంబరమో ఆ మొహంలో! నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. బోర్డు ఏ రంగులో రాయాలో కూడా అనేసుకున్నాను. తర్వాత నేను బల్ల కింద దూరి తీగలు వేస్తుంటే, ఆయన పక్కన కూర్చుని టార్చి పట్టాడు. ఉద్యోగమంతా సిగ్నళ్ళు సరిచేసిన మనిషి, నాకు టార్చి పట్టాడు. వెలుగు కదలకుండా, ఎంత జాగ్రత్తగా పట్టాడో!

అందుకే రాస్తున్నాను. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. ఇది బావ చేతికి వెళ్తే నవ్వుతాడో, ఆదివారాలు మానమంటాడో నాకు తెలియదు. కానీ రాశాక ఛాతీ తేలికపడింది, నిజం. సందు పూడ్చింది నేను. బల్లిని పెట్టింది నేను. బావా, ఆ మూడు వారాలూ అక్కడ బల్లే లేదు. లేనిది నీకు కనబడలేదు, అంతే.